చారల గుర్రాలు, మూడు వందలు

ఆ ముసలాయన అబద్ధాలు చెబుతున్నాడని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

అప్పటికి నాకు ఇరవై ఒకటి. పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మెట్టుగూడలో పట్టాలకు దగ్గరగా, ఒకే పెంకుల కప్పు కింద నాలుగు వాటాలున్న ఇంట్లో ఒకటి మాది. పక్క వాటాలో ఆయన ఒక్కడే ఉండేవాడు. అందరం చాచా అని పిలిచేవాళ్ళం. నల్లగొండ వైపు ఊరు. చిన్నప్పుడే వచ్చి తిరుమలగిరిలో తెల్లదొరల బంగళాల్లో వంట నేర్చుకున్నాడట. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, కార్ఖానాలో ఉంటుంది. అల్లుడు దర్జీ. చాచాకు రెండు కళ్ళలోనూ పొర కమ్ముతూ ఉండేది. ఎవరైనా ఎదురుగా వస్తే తల కొంచెం పక్కకు తిప్పి, కోడి చూసినట్టు చూసేవాడు.

పోలీసు యాక్షన్‌కు ముందటి వేసవి అది. ఒకరోజు నేను వరండాలో కూర్చుని మా అమ్మకు ఉత్తరం రాస్తుంటే కలం గీతల చప్పుడు విని దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, నీకు తెలుగు రాయనీకె వస్తదా?"

"వస్తది చాచా. ఏడో తరగతి దాకా చదివిన."

"నాకో పుస్తకం రాసిపెట్టాలె. నేను ఆఫ్రికల చూసిన జంతువులన్ని. కండ్లు పోకముందు అనుకున్న, గది కాలే. నేను పోకముందన్న కావాలె."

నేను నవ్వాను. ఉర్దూలో రాయించుకోకూడదా, దర్జీ అల్లుడికి వచ్చు కదా అన్నాను.

"ఉర్దూ నాకు బజార్ల అక్కరకొస్తది. యాది మాత్రం తెలుగుల్నే వస్తది" అన్నాడు.

సంగతేమిటంటే, ఆయనకు పాతికేళ్ళప్పుడు భూములు కొలిచే ఒక దొర తనతోపాటు ఓడెక్కించి ఆఫ్రికాకు తీసుకుపోయాడట. ఆ దొర పని దేశం కొలవడం, ఈయన పని దొరకు వండిపెట్టడం. నాలుగేళ్ళు గుడారాలు పీకుతూ, వేస్తూ తిరిగారట. నేను విన్నంతలో మా వాడలో ఎవరూ దీన్ని నమ్మేవాళ్ళు కాదు. బొంబాయి దాకా కూడా పోయి ఉండడని మా ఆయన అనేవాడు.

అయినా ఒప్పుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక నాకు చేసేందుకు ఏమీ ఉండేది కాదు. ఇంకా పిల్లలు లేరు. అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఆయనే తెచ్చాడు. రోజూ మూడింటికి వరండాలో, నలుగురూ చూస్తుండగా, ఆయన స్టూలు మీద, నేను చాప మీద కూర్చునేవాళ్ళం.

"దేశాన్ని బట్టి చెప్తా బిడ్డా. జంతువును బట్టి చెప్తే కలగలుస్తది. ముందుగాల భూమి ఎట్లున్నదో రాయి. గప్పుడు గాడ ఎవరుంటరో రాయి."

జంతువుల్ని ఆయన ఎప్పుడూ 'ఎవరు' అనే అనేవాడు. ముళ్ళ దేశంలో ఎవరుంటరు, గడ్డి దేశంలో ఎవరుంటరు, నీళ్ళ దేశం, చల్లని కొండ, ఇసుక దేశం, చీకటి అడవి. ఈ పేర్లు ఆయన పెట్టినవే. ఒక్కో దేశానికి ఒక్కో పుట పైన ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయించాడు.

ఓడ దిగి రెండు రోజులు పోతే ముళ్ళ దేశం. అక్కడి చెట్లకు ఆకుల కంటే ముళ్ళు ఎక్కువ. ఆ ముళ్ళ మధ్య ఆకుల్ని నాలుకతో ఏరుకుని తినే జంతువు ఒకటి, దాని తల తాటిచెట్టు మొవ్వు దగ్గర ఉంటుందట. నీళ్ళు తాగాలంటే ముందుకాళ్ళు రెండూ ఎడంగా చాపి వంగాలి, లేకపోతే నోరు నేలకు అందదట. జిరాఫీ బొమ్మ బళ్ళో చూశాను కాబట్టి అది రాశాను. కానీ గడ్డి దేశానికి వచ్చేసరికి నాకు ఓపిక పోయింది.

"గాడ ఒకటుంటది బిడ్డా. ఆవు కొమ్ములు, గుర్రం తోక, మేక గడ్డం. ఎనుక చూస్తే సన్నగ, ముందు చూస్తే మోటుగ. అల్లా అన్ని జంతువులను చేసినంక మిగిలిన ముక్కలు జమ చేసినట్టుంటది."

నేను కలం కింద పెట్టాను. "చాచా, నన్ను జెర చిన్నపిల్లను చేయకు."

"నిజం బిడ్డా."

"నిజమైతే ఎన్ని చూసినవ్? ఒకటా, రెండా?"

"గా పొద్దు ఎనిమిది తొమ్మిది వందలు. చారల గుర్రాలు వాటి నడుమ కలిసి పోతుండె, మూడు వందల దాకా."

"ఏ దిక్కుకు పోతున్నయి?"

"ఉత్తరానికి. వాన మబ్బు గటు ఉండె."

అలా మొదలైంది. ఆయన ఏం చెప్పినా నేను లెక్క అడిగేదాన్ని. ఎన్ని, ఏ దిక్కున, నీళ్ళకు ఎంత దూరం, మీ గుడారానికి ఎంత దూరం. అబద్ధమాడేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడని నా నమ్మకం. ఆయన తడబడలేదు. అడిగిన వెంటనే అంకె చెప్పేవాడు. దానివల్ల నా అనుమానం ఇంకా పెరిగింది. నాలుగు దశాబ్దాల కిందటి లెక్క ఎవరికి గుర్తుంటుంది?

నీళ్ళ దేశంలో ఒక చెరువు ఉందట, అందులో నీళ్ళు నోట్లో పోసుకుంటే సబ్బు నీళ్ళలాగా మండుతాయి. దాని నిండా గులాబీ రంగు కొంగలు. "నీళ్ళు కానరావు బిడ్డా. ఒడ్డు నుంచి ఒడ్డు దాక గులాబి రంగే. గవి లేస్తే చెరువే లేచిపోయినట్టు ఉంటుండె." ఇంకో చెరువులో నీటి గుర్రాలు. పగలంతా నీళ్ళలో ముక్కులు మాత్రం పైకి పెట్టి ఉంటాయి, చీకటి పడితే ఒడ్డెక్కి గడ్డి మేస్తాయి. వంట చెరువుకు దూరంగా పెట్టమని దొర అరిచేవాడట. అవి మేతకు పోయే తోవలో పొయ్యి ఉంటే పొయ్యీ ఉండదు, వంటవాడూ ఉండడని.

చల్లని కొండ మీద కుందేలంత జంతువు ఒకటి, తోక లేదు, రాళ్ళ మీద ఎండకు కాళ్ళు చాపి పడుకుంటుంది, అరిస్తే మాత్రం పసిపిల్లను ఎవరో గొంతు నులిమినట్టు ఉంటుంది. "దొర చెప్పిండు, గది ఏనుగుకు చుట్టమంట."

"కుందేలంతది ఏనుగుకు చుట్టమా?"

"నేను సుత నవ్విన బిడ్డా. దొర కోపానికొచ్చిండు."

ఇలా ఒక్కో సీమ. ఏ సీమలో ఏ జంతువు చెప్పినా, ఆ రోజు తాను ఏం వండాడో కూడా చెప్పేవాడు. గడ్డి దేశంలో జింక మాంసం గట్టిగా ఉందని బొప్పాయి ముక్కలు వేసి ఉడకబెట్టాడు. కొండ మీద పప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. ఇసుక దేశంలో పిండిలో ఇసుక పడి దొర పన్ను విరిగింది. వంటల సంగతులు కూడా రాయమంటే రాసేదాన్ని. అవి మాత్రం నాకు నిజమనిపించేవి.

చీకటి అడవి చెప్పిన రోజు వేరుగా ఉంది. మనిషంత ఎత్తు నల్ల కోతులు, రొమ్ము మీద పిడికిళ్ళతో గుద్దుకునేవి. చెట్ల కొమ్మల్లో గూడు కట్టుకుని పడుకునేవి. గంటలో మొత్తం చెప్పేశాడు, నేను అడగకముందే. ఏం వండాడో చెప్పలేదు. నేను ఆ పుట అంచున ఒక ప్రశ్నగుర్తు వేసి ఊరుకున్నాను.

నల్లా దగ్గర ఆడవాళ్ళం పొద్దున్నే కలిసేవాళ్ళం. నీళ్ళు సన్నగా వచ్చేవి, కబుర్లు ఎక్కువయ్యేవి. చాచాతో ఏం రాస్తున్నావని ఎదురు వాటా వదిన అడిగింది. ఆ రోజు నాకు చిరాగ్గా ఉంది.

"ఏ దిక్కున ఎన్ని ఉన్నయో లెక్కలు రాయిస్తుండు" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిందె నిండింది, ఎత్తుకుని వచ్చేశాను.

అవి ఎలాంటి రోజులో ఇప్పటి వాళ్ళకు చెప్పడం కష్టం. సరిహద్దు అవతలి నుంచి సరుకు ఆగిపోయింది. ఉప్పుకు, కిరసనాయిలుకు బారులు. రైలు ఏ రోజు వస్తుందో, ఎవర్ని దింపుతుందో తెలియదు. కొందరు ఇళ్ళకు తాళాలు వేసి బెజవాడ వైపు వెళ్ళిపోయారు. వర్క్‌షాపులో ఎవరు ఎవరి మనిషో తెలియదని మా ఆయన అనేవాడు. ఒకే ఇంజను కింద పడుకుని పనిచేసే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారట. ఇంటికొచ్చాక కూడా గొంతు తగ్గించే మాట్లాడేవాడు. పక్క గోడ సన్నం.

వానలు మొదలైన నెలలో ఒక మధ్యాహ్నం ఖాకీ బట్టల వాలంటీర్లు ఇద్దరు చాచా ఇంటికి వచ్చారు. నేను కిటికీ రెక్క సందులోంచి చూశాను. ఒకడు గుమ్మం బయట నిలబడ్డాడు, ఒకడు లోపలికి పోయాడు. చాలాసేపు ఉన్నారు. వెళ్ళేటప్పుడు బయట నిలబడ్డవాడు మా తలుపు వైపు చూశాడు. చాచా వాళ్ళను గేటు దాకా పంపి, చెయ్యి ఎత్తి సలాం చేశాడు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపేశాడు.

"మన గురించి ఏమన్న అడిగిన్రా?"

"నాకేం తెలుసు?"

"ఇగ రేపటి నుంచి రాసుడు బందువెట్టు."

"సగంల ఎట్ల బందువెడ్త?"

"ఏందీ, జంతువులా? గిప్పుడు జంతువులెందుకు గాయనకు? ఊరంత పరేషాన్ల ఉంటె, ఎవరన్న కూసోని కొంగల లెక్క రాయించుకుంటరా?"

 నాకూ అదే అనిపించింది. మర్నాడు తలనొప్పి అని చెప్పాను. ఆ మర్నాడూ అదే చెప్పాను. చాచా పాలు, బ్రెడ్డు, బెల్లంతో చేసిన పుడ్డింగు గిన్నె మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. మా ఆయన దాన్ని ముట్టుకోలేదు. నేను సగం తిని, మిగతాది ఆవుకు పెట్టాను. ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది: తినేముందు నాలుక చివర పెట్టుకుని రుచి చూశాను, అందులో ఇంకేమైనా కలిసిందేమోనని.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజులు విమానాల చప్పుడు, రకరకాల పుకార్లు. తర్వాత అంతా అయిపోయిందని రేడియో ఉన్నవాళ్ళు చెప్పారు. రోడ్డు మీద ట్యాంకులు పోతుంటే జనం దండలు వేశారు. మా ఆయన కూడా వెళ్ళి చూసి వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మా వరండాలో ఆ రోజు తెరుచుకోని తలుపు ఒక్క చాచాదే.

ఇక అనుమానం అటువైపు తిరిగింది. నిన్నటిదాకా మేము గొంతు తగ్గించి మాట్లాడితే, ఇప్పుడు ముస్లింల ఇళ్ళల్లో తగ్గించారు. ఎవరింట్లో తుపాకులున్నాయో, ఎవరు ఎవరికి సాయం చేశారో అని చెప్పుకోవడం మొదలైంది. ఒకరోజు మా ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"చాచా గా పుస్తకం ఏడ పెడ్తడు?"

"బియ్యం డబ్బాల. ఎందుకు?"

"ఊకెనే."

రెండు రోజులకు పొద్దున తొమ్మిదింటికి జీపు వచ్చి ఆగింది. నలుగురు సైనికులు నేరుగా చాచా వాటాకు పోయారు. నేను వరండాలో స్తంభం పక్కనే ఉన్నాను. లోపలికి పోగానే వాళ్ళలో ఒకడు బియ్యం డబ్బా బోర్లించాడు. బియ్యంతోపాటు పుస్తకం నేల మీద పడింది. తిరగేసి చూశారు. ఒకతనికి తెలుగు కొంచెం వచ్చేమో, అంకెల మీద వేలు పెట్టి పక్కవాడికి చూపించాడు. చాచాకు ఏం జరుగుతోందో సరిగా కనబడటం లేదు. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"బిడ్డా, ఉన్నవా?" అన్నాడు, జీపెక్కిస్తుంటే.

నేను మాట్లాడలేదు. నేనున్నానని ఆయనకు తెలియకూడదనుకున్నాను. జీపు వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ రోజు పనికి పోలేదు. లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"అండ్ల రాత నీదే గద?" అన్నాడు.

"నాదే."

"ఎవరన్న అడిగితె తెల్వదను."

అప్పుడు ఆయన ముఖం చూశాను. బియ్యం డబ్బా సంగతి ఆయనకు ఒక్కడికే చెప్పాను. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. ఆ రోజు వండాను, పెట్టాను, పక్కన కూర్చోలేదు. ఆయనా నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా నాకు సాక్ష్యంలాగానే కనిపించింది.

మర్నాడు చాచా కూతురు కార్ఖానా నుంచి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్ద. బురఖా ముసుగు ఎత్తి మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"తిరుమలగిరి క్యాంపుల ఉంచిన్రంట. గా పుస్తకంల ఏముందో ఎవ్వరు చెప్పినా నమ్ముతలేరంట. రాసినోల్లు వచ్చి చెప్పాలె" అంది. ముసుగు దించుకుంటూ అంది, "నువ్వు రాకపోతె సుత నేనేమనను. గింత చెప్పి పోదామని వచ్చిన."

ఆమె నన్ను బతిమాలి ఉంటే ఏదో సాకు చెప్పేదాన్నే. ఆమె వెనక్కి తిరిగింది. నేను చెప్పులు వేసుకున్నాను. మా ఆయన లోపలి నుంచి పేరు పెట్టి పిలిచాడు. వినబడనట్టు నడిచాను.

జట్కాలో కార్ఖానా మీదుగా పోయాం. కొన్ని దుకాణాలు తెరిచారు, కొన్ని తెరవలేదు. ఎక్కడ ముస్లిం ఆడవాళ్ళ బండి కనబడినా జనం తిరిగి చూస్తున్నారు. పక్కన బొట్టుతో నేను కూర్చుని ఉండటం చూసి ఇంకోసారి చూస్తున్నారు. ఆమె దారిలో ఒక్క మాటే అడిగింది.

"నాయిన చెప్పినయన్ని నిజమేనా? నువ్వు రాసినవ్ గద, నీకేమనిపించింది?"

"తెల్వదు" అన్నాను. అదే నిజం.

క్యాంపులో ఒక గుడారం, మధ్యలో బల్ల. ఉత్తరాది కెప్టెను ఒకాయన కూర్చుని ఉన్నాడు. పక్కన జుట్టు నెరిసిన సుబేదారు నిలబడి ఉన్నాడు. ఆయన మాట వినగానే శ్రీకాకుళం వైపు మనిషని తెలిసిపోయింది. బల్ల మీద నా పుస్తకం, దాని పక్కన మడతలు పడ్డ కాగితం ఒకటి.

"ఏవమ్మా, ఈ దస్తూరీ నీదేనా?"

"నాదే."

"ఎందుకు రాసేవు?"

"చాచా చెప్తె రాసిన. ఆఫ్రిక జంతువులు."

సుబేదారు కెప్టెనుకు హిందీలో చెప్పాడు. కెప్టెను నవ్వలేదు. సుబేదారు మడతల కాగితం తీసి నాకు వినిపించాడు. "మెట్టుగూడలో ఒక ముసలివాడు చదువుకున్న ఆడమనిషి చేత ఏ దిక్కున ఎన్ని ఉన్నాయో లెక్కలు రాయిస్తున్నాడు. విచారించగలరు." కింద సంతకం లేదు.

 ఆ మాట నాది. నల్లా దగ్గర నేను అన్న మాట, అదే వరసలో. పైగా ఆ లెక్కలు చాచా అడిగి రాయించినవి కావు. నేను నమ్మక, నేను అడిగి రాసినవి.

"గా లెక్కలు నేనడిగిన సార్" అన్నాను. "ఆయన ఊకె జంతువుల ముచ్చట చెప్తుండె. అబద్ధమేమోనని నేనే ఎన్ని, ఏ దిక్కు అని అడిగిన."

"మరి 'ఇసుక దేశంలో ఎవరుంటారు' అని రాసేవు. జంతువుల్ని ఎవరు అంటారేటి?"

"ఆయన గట్లనే అంటడు."

చాచాను తీసుకొచ్చారు. రెండు రోజుల్లోనే చిన్నగా అయిపోయినట్టున్నాడు. బట్టలు తడిసి ఆరిన వాసన. కూతురు గొంతు విని అటు తల తిప్పాడు. నేనున్నానని ఎవరో చెబితే, "వచ్చినవా" అన్నాడు, అంతే.

సుబేదారు ఒక స్టూలు జరిపి ఆయన్ను కూర్చోమన్నాడు. పుస్తకంలో ఇసుక దేశం పుట తీశాడు.

"తాతా, కుందేలంత జింక అని రాయించేవు. అది ఎలా అరుస్తుంది?"

"అరవది సాబ్. ముక్కుతోని ఈల గొడ్తది. జిక్, జిక్ అని. ఎప్పుడు రెండే ఉంటయి. ఆలుమగలు."

సుబేదారు కెప్టెను వైపు చూడకుండా ఇంకో ప్రశ్న వేశాడు.

"దుమ్ములగొండి గుడారం దగ్గరకొస్తే ముందు ఏటి ఎత్తుకుపోతుంది?"

"మాంసం అనుకుంటరు అందరు. కాదు సాబ్, తోలు. బూట్లు, బెల్టులు, గుర్రం జీను పట్టీలు. నా కూర గిన్నె సుత తీస్కపోయింది, నెయ్యి వాసనకు. పొద్దుగాల దొరికితె, గిన్నెకు పండ్ల బొక్కలు. గా గిన్నెను దొర దాసిపెట్టుకున్నడు, ఊర్ల చూపెట్టనీకె."

సుబేదారు ముఖం మారింది. కెప్టెనుతో గబగబా హిందీలో చెప్పాడు. మొన్నటి యుద్ధంలో ఆయన ఆఫ్రికాలో ఎడారి సీమలో పనిచేశాడట. ఎడమకాలి బూటు అలాగే పోయి, రెండు రోజులు ఒక కాలికి గోనెపట్టా చుట్టుకుని నడిచాడట. కెప్టెను మొదటిసారి పుస్తకాన్ని తన వైపు లాక్కుని చూశాడు. చదవడం రాదు, అయినా పుటలు తిప్పాడు. చివరి పుట దగ్గర ఆగి, అంచున ఉన్న గుర్తు చూపించి ఏదో అడిగాడు.

"ఇక్కడ ఈ ప్రశ్నగుర్తు ఏటమ్మా?" అన్నాడు సుబేదారు.

చెబితే చాచాకు చెడవచ్చు. చెప్పకపోతే నాకు చెడవచ్చు. నేను నోరు తెరిచేలోపే చాచా అడిగాడు, "ఏ పుట సాబ్?"

"చీకటి అడవి."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"గది నేను చూడలే" అన్నాడు. "దొర గాడికి పోయిండు. నాకు జరమొచ్చి ఒడ్డునే పండుకున్న, నలభై దినాలు. మూటలు మోసే ఒకాయన తిరిగొచ్చినంక నాకు చెప్పిండు. గదే నేను బిడ్డకు చెప్పిన. దేశమంత చూసిన, గదొక్కటి చూడలేదని చెప్పనీకె మనసు రాలే."

సుబేదారు పుస్తకం మూశాడు. కెప్టెనుతో నెమ్మదిగా అన్నాడు, "గూఢచారి అయితే ఈ మాట ఒప్పుకోడు సార్." అది హిందీలో అన్నాడు, నాకు అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే వదిలేశారు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. విచారణ పూర్తయ్యాక పంపిస్తామన్నారు. అది ఎప్పటికీ రాలేదు. ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు.

క్యాంపు గేటు బయట మా ఆయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా చెమట. ఎప్పటి నుంచి ఉన్నాడో.

"లోపలికొద్దామనుకున్న. కాళ్ళు రాలే" అన్నాడు.

నేను జట్కా ఎక్కాను. ఆయన సైకిలు మీద వెనకాలే వచ్చాడు. దారిలో చాచా కూతురు తన ఇంట్లోనూ తనిఖీ జరిగిందని చెప్పింది. ఏ ఇంటికి పోయినా ముందు బియ్యం డబ్బానే బోర్లిస్తున్నారట, అందరూ అందులోనే దాస్తారని. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎండలో తొక్కుతూ వస్తున్నాడు. ఆ రెండు రోజులూ ఆయన్ను అనుమానించానని చెప్పలేకపోయాను. చెప్పాలంటే నల్లా మాట చెప్పాలి.

చాచా కార్ఖానాకు, కూతురింటికి మారిపోయాడు. మొదట్లో వారానికోసారి వెళ్ళేదాన్ని. మళ్ళీ రాద్దామా అని అడిగితే వద్దన్నాడు. కానీ నోటితో చెప్పేవాడు, గులాబీ కొంగల చెరువు, కొండ మీది అరుపు. నేను లెక్కలు అడగడం మానేశాను. ఒకసారి ఆయనే అడిగాడు, "ఎన్ని అని అడగవేంది బిడ్డా?"  వాలంటీర్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళ క్యాంపులో వంటకు రమ్మని వచ్చారట. కళ్ళు కనబడటం లేదని చెప్పి తప్పించుకున్నాడట. కళ్ళు నిజంగానే పోయాయని నమ్మించడానికి, లోపలికొచ్చినవాడి ముందు పొయ్యిలో చెయ్యి పెట్టబోయాడట. ఇది ఎంత నిజమో నేను అడగలేదు.

నాలుగేళ్ళు బతికాడు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు.

ఆ కాగితం ఎవరు రాశారో తెలియలేదు. నల్లా దగ్గర ఆ రోజు అయిదుగురం. మిగతా నాలుగు ఇళ్ళకూ పెళ్ళిళ్ళకు పోయాను, పురుళ్ళకు పోయాను. ఎవరింట్లో చేతిరాత కనబడినా, చాకలి చిట్టీ అయినా సరే, ఒకసారి వంగి చూసేదాన్ని.

మా ఆయనకు చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అప్పటికి ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దవాడు తన బడి పుస్తకంలో చదివి వినిపించాడు, ఆఫ్రికా కొండల్లో కుందేలంత జంతువు ఒకటుందని, దానికి దగ్గరి బంధువు ఏనుగని. పిల్లలు ఆడుకోవడానికి పోయాక నేను అంతా చెప్పాను. నల్లా దగ్గరి మాట, కాగితంలోని మాట. ఆయన మీద అనుమానపడిన రెండు రోజుల సంగతి కూడా.

ఆయన చాలాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా?" అన్నాడు. "నేనే అనుకున్న. గిన్నేండ్లు."

"నువ్వా?"

"నువ్వు నాకు చెప్పిన మాటనే గద. వర్క్‌షాపుల నేను సుత చెప్పిన, నవ్వులకు. ఏ దిక్కున ఎన్ని ఉన్నయో రాయిస్తుండని. పది మంది ఉండె గాడ." బీడీ కింద పెట్టి అన్నాడు, "పుస్తకం ఏడ పెడ్తడని అడిగింది తీసి కాలవెడ్దామని. ధైర్యం చాలలే."

ఆ మాట ఆయనతో కూడా అన్నానని నాకు గుర్తే లేదు. ఎవరి నోటి నుంచి పోయిందో ఇక తేలదు. ఇద్దరం పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఎవరికి వాళ్ళం దాచుకున్నాం.

తర్వాతి శుక్రవారం కార్ఖానాకు వెళ్ళాం. చాచా కూతురు కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. భర్త పోయాక ఆమే కుడుతోంది. మా ఆయన నిలబడే చెప్పాడు, తర్వాత నేను చెప్పాను. ఆమె మిషను ఆపింది, విన్నది, మళ్ళీ తొక్కింది.

"గిప్పుడెందుకు చెప్తున్నరు?" అంది.

 ఆమె అంచు మొత్తం కుట్టి, దారం కొరికి, లేచి చాయ్ పెట్టింది. తాగి వచ్చేశాం. మళ్ళీ రమ్మని ఆమె అనలేదు. మేము ఆ తర్వాతి నెల వెళ్ళాం. తలుపు తీసింది. గుమ్మంలో నిలబడి మా ఇద్దరి ముఖాలూ కాసేపు చూసింది, తర్వాత పక్కకు జరిగింది.